ట్యాంకర్ మీది పలకను చదవడం ఎలా? ప్రమాదకర సరుకుల వాహనాల సంకేతాలకు ఒక మార్గదర్శి

పెట్రోలు, డీజిలు, వంటగ్యాసు, నీటి శుద్ధి కేంద్రాలకు వెళ్లే క్లోరిన్, శీతల గిడ్డంగులకూ ఎరువుల కర్మాగారాలకూ అవసరమయ్యే అమ్మోనియా, ఆస్పత్రులకు చేరవలసిన ద్రవ ఆక్సిజన్, డిస్టిలరీల నుంచి వచ్చే ఇథనాల్, ఇవన్నీ మనం బస్సుల్లో, కార్లలో, ద్విచక్ర వాహనాల మీద తిరిగే రహదారుల మీదనే ప్రయాణిస్తాయి. వీటిని మోసే ప్రతి వాహనం తన ఒంటి మీద ఒక పలకను ధరించి ఉంటుంది. ఆ పలక రవాణా శాఖ తనిఖీ కోసం మాత్రమే పెట్టినది కాదు. ప్రమాదం జరిగినప్పుడు డ్రైవరు స్పృహలో లేకపోయినా, కాగితాలు క్యాబిన్‌లో చిక్కుకుపోయినా, దూరాన నిలబడిన మనిషి చదివి ఫోనులో చెప్పగలగాలన్న ఉద్దేశంతోనే దానిని అంత పెద్ద అక్షరాలతో తయారుచేశారు. ఆ దూరపు మనిషి చాలాసార్లు సామాన్య ప్రయాణికుడే అవుతాడు. అందుచేత ఈ సంకేతాలను చదవడం డ్రైవర్లకూ అగ్నిమాపక సిబ్బందికీ మాత్రమే కాదు, రహదారి పక్కన ఇల్లో దుకాణమో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలియాలని నేను గట్టిగా నమ్ముతాను.

పలక మీద ఏముంటుంది

మన దేశంలో ఈ పలకను అత్యవసర సమాచార పలక అంటారు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 134వ నియమం ప్రకారం ఇది వాహనానికి మూడు చోట్ల, అంటే రెండు పక్కలా వెనుకా, స్పష్టంగా కనిపించేలా ఉండాలి. సరుకు సరైన సాంకేతిక నామం 50 మిల్లీమీటర్లకు తగ్గని అక్షరాలలో, ఐక్యరాజ్యసమితి సంఖ్య 100 మిల్లీమీటర్లకు తగ్గని అంకెలలో, సరుకు ఏ తరగతికి చెందినదో తెలిపే గుర్తు 250 మిల్లీమీటర్లకు తగ్గని చదరంలో ఉండాలి. వీటికి తోడు అత్యవసర సేవల ఫోను నంబరు, సరుకు పంపినవారిదో నిపుణ సలహా ఇవ్వగలవారిదో పేరు, ఫోను నంబరు కూడా రాసి ఉండాలి. చమురు, రసాయన ట్యాంకర్ల మీద ఇవి కాక హాజ్‌కెమ్ కోడ్ అనే రెండు మూడు అక్షరాల సంకేతం కూడా కనిపిస్తుంది. పలక అంతటిలో అతి తక్కువ మందికి అర్థమయ్యేదీ, అర్థమైతే అతి ఎక్కువగా ఉపయోగపడేదీ ఆ సంకేతమే కనుక దాని గురించి కొంచెం ఆగి చెబుతాను.

ముందు నాలుగంకెల సంఖ్య సంగతి చూద్దాం. దానిని వాడుకలో యూఎన్ నంబరు అంటారు. ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ప్రతి ప్రమాదకర పదార్థానికీ, లేదా ఒకే తీరున ప్రవర్తించే పదార్థాల గుంపుకూ, ఒక సంఖ్య కేటాయించింది. దేశం మారినా, భాష మారినా, కంపెనీ పెట్టుకున్న వ్యాపార నామం మారినా ఈ సంఖ్య మారదు. పెట్రోలుకు 1203, డీజిలుకు 1202, కిరోసిన్‌కు 1223, వంటగ్యాసుకు 1075, క్లోరిన్‌కు 1017, నీరు కలవని అమ్మోనియాకు 1005, గంధకామ్లానికి 1830, ఇథనాల్‌కు 1170, ద్రవ ఆక్సిజన్‌కు 1073. ఈ సంఖ్యలను కంఠస్థం చేయనవసరం లేదు. అంకెల క్రమం తప్పకుండా చదివి చెప్పగలిగితే చాలు, మిగిలినది అవతలి వైపు ఉన్నవారు తమ పుస్తకంలో చూసుకుంటారు. అయితే ఒక్క అంకె తారుమారైనా అది వేరే పదార్థమవుతుంది కనుక ఫోనులో ఈ సంఖ్యను విడివిడి అంకెలుగా రెండుసార్లు చెప్పడం మంచిది.

మూల మీద నిలబెట్టిన చదరం, అంటే డైమండ్ ఆకారపు గుర్తు, తొమ్మిది తరగతులలో సరుకు దేనికి చెందుతుందో చెబుతుంది. అక్షరాలు కనపడనంత దూరం నుంచి కూడా దీని రంగు కనబడుతుంది. నారింజ రంగు పేలుడు పదార్థాలకు, ఎరుపు మండే వాయువులకూ ద్రవాలకూ, ఆకుపచ్చ మండని వాయువులకు, నీలం నీరు తగిలితే మండే వాయువును వెలువరించే పదార్థాలకు, పసుపు మంటను ప్రకోపింపజేసే ఆక్సీకరణ పదార్థాలకు, తెలుపు మీద పుర్రె గుర్తు విషానికి, పై సగం తెల్లగా కింది సగం నల్లగా ఉన్నది చర్మాన్నీ లోహాన్నీ తినివేసే ఆమ్లాలకూ క్షారాలకూ వర్తిస్తాయి. ఒకే వాహనం మీద రెండు డైమండ్లు ఉంటే ఆ సరుకుకు రెండు రకాల ప్రమాదం ఉన్నదని అర్థం. ద్రవ ఆక్సిజన్ ట్యాంకర్‌కు ఆకుపచ్చతో పాటు పసుపు గుర్తు కూడా ఉండడానికి కారణం ఇదే. ఆక్సిజన్ తానుగా మండదు, కానీ అది పీల్చుకున్న బట్టలు చిన్న నిప్పురవ్వకే భగ్గుమంటాయి, అది ఒలికిన తారు రోడ్డు చిన్న దెబ్బకే పేలవచ్చు. ప్రాణవాయువే కదా అని దగ్గరకు వెళ్లేవారు ఈ పసుపు గుర్తును గమనించాలి.

హాజ్‌కెమ్ కోడ్: ఏమి చేయాలో చెప్పే అక్షరాలు

యూఎన్ నంబరు పదార్థం ఏదో చెబితే, హాజ్‌కెమ్ కోడ్ దానితో ఏమి చేయాలో చెబుతుంది. లండన్ అగ్నిమాపక దళం 1970ల తొలి సంవత్సరాలలో దీనిని రూపొందించింది. ప్రమాద స్థలానికి చేరిన తొలి నిమిషాలలో సిబ్బందికి పుస్తకాలు తిరగేసే సమయం ఉండదు కాబట్టి, నీరు కొట్టాలా వద్దా, ఏ దుస్తులు వేసుకోవాలి, ఒలికినదాన్ని కడిగివేయాలా ఆపివేయాలా, జనాన్ని కదిలించాలా అన్న నాలుగు ప్రశ్నలకు ఒక్క చూపులో జవాబు దొరకాలన్నది దాని వెనుక ఆలోచన. బ్రిటన్‌తో పాటు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, మలేషియా, భారతదేశం వంటి దేశాలలో ఇది వాడుకలోకి వచ్చింది.

పెట్రోలు ట్యాంకర్ మీద సాధారణంగా 3 వై ఇ అని ఆంగ్ల అక్షరాలలో ఉంటుంది. దీనిని ఎడమ నుంచి ఒక్కొక్కటిగా విప్పుదాం.

మొదటి అంకె మంటను దేనితో ఆర్పాలో చెబుతుంది. 1 అంటే ముతక నీటి జల్లు, 2 అంటే సన్నటి నీటి జల్లు, 3 అంటే నురుగు, 4 అంటే పొడి పదార్థం. కోడ్‌లో చూపినదానికన్నా పెద్ద అంకె గల సాధనాన్ని వాడవచ్చు గానీ చిన్న అంకె గలదాన్ని వాడకూడదన్నది నియమం. ఆ లెక్కన పెట్రోలుకు నురుగు సరైనది, నీటి ధార పనికిరాదు. పెట్రోలు నీటి కన్నా తేలిక కనుక నీటి మీద తేలి, మండుతూనే ప్రవాహంతో పాటు కిందికి పోతుంది. ఇక 4 కనిపించిన చోట నీరు దరిదాపులకు కూడా రానీయరాదు. కాల్షియం కార్బైడ్ ఇందుకు మంచి ఉదాహరణ. దాని సంఖ్య 1402, కోడ్ 4 డబ్ల్యూ. నీరు తగలగానే అది ఎసిటిలీన్ వాయువును వెలువరిస్తుంది, ఆ వాయువు అంటుకుంటే పేలుతుంది. అటువంటి లారీ అంటుకున్నప్పుడు మంచి మనసుతో బిందె నీళ్లు తెచ్చి పోసినవారే ముందుగా ప్రమాదంలో పడతారు.

కొన్ని ట్యాంకర్ల మీద అంకెకు ముందు ఒక నల్లని చుక్క కనబడుతుంది. ఇథనాల్, మిథనాల్ వంటివి నీటిలో కలిసిపోయే ద్రవాలు. మామూలు నురుగులోని నీటిని అవి లాగేసుకోవడం వల్ల నురుగు నిమిషాలలో విరిగిపోతుంది. అందుకని ఆల్కహాలును తట్టుకునే ప్రత్యేకమైన నురుగు తీసుకురావాలని ఆ చుక్క చెబుతుంది. పెట్రోలులో కలపడానికి ఇథనాల్ రవాణా మన రహదారుల మీద బాగా పెరిగిన ఈ రోజులలో ఆ చిన్న చుక్కను చూసి చెప్పడం చాలా పెద్ద సహాయం, ఎందుకంటే మామూలు నురుగుతో బయలుదేరిన అగ్నిమాపక శకటం సగం దారి నుంచి వెనక్కి తిరగవలసిన పరిస్థితి రాకుండా ఉంటుంది. మిథనాల్ మంట పగటి వెలుగులో కంటికి సరిగా ఆనదని కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. పొగ, వెలుగు కనబడలేదని మంట లేదనుకోకూడదు.

రెండవది అక్షరం. పి, ఆర్, ఎస్, టి, డబ్ల్యూ, ఎక్స్, వై, జెడ్ అని మొత్తం ఎనిమిది ఉంటాయి. ఎనిమిదింటినీ విడిగా గుర్తుంచుకోవడం కష్టం కానీ వాటి అమరికలో ఒక పద్ధతి ఉంది, అది పట్టుబడితే మరచిపోరు. మొదటి నాలుగు అక్షరాలు వచ్చిన పదార్థాన్ని చాలా నీటితో పలచబరచి కడిగివేయవచ్చు. చివరి నాలుగు వచ్చిన పదార్థాన్ని కాలువలలోకి, చెరువులలోకి పోనీయకుండా మట్టి, ఇసుక వంటివాటితో అడ్డుకట్ట వేసి ఆపాలి. ప్రతి నాలుగింటిలోనూ మొదటి రెండూ, అంటే పి, ఆర్, డబ్ల్యూ, ఎక్స్, ద్రవం చొరబడని పూర్తి రసాయన రక్షణ దుస్తులు కావాలని చెబుతాయి. తర్వాతి రెండూ, అంటే ఎస్, టి, వై, జెడ్, శ్వాస పరికరంతో పాటు మామూలు అగ్నిమాపక దుస్తులు సరిపోతాయని చెబుతాయి. ఈ నాలుగు అక్షరాలలో ఏదైనా నల్లని గడిలో తెల్లగా రాసి ఉంటే శ్వాస పరికరం మంట ఉన్నప్పుడు మాత్రమే అవసరమని అర్థం. చివరగా, ప్రతి జతలోనూ మొదటి అక్షరమైన పి, ఎస్, డబ్ల్యూ, వై ఆ పదార్థం తీవ్రంగా ప్రతిచర్య జరపవచ్చని, పేలవచ్చని హెచ్చరిస్తాయి.

ఇప్పుడు పెట్రోలు కోడ్‌లోని వై అక్షరాన్ని మళ్లీ చూస్తే అర్థం తేటపడుతుంది. అది పేలవచ్చు, దాని దగ్గరకు వెళ్లేవారికి శ్వాస పరికరం కావాలి, దానిని మురుగు కాలువలోకి పోనీయకూడదు. మూడవ సూచన సామాన్యుల చేతిలో ఎక్కువగా భంగపడేది. ఒలికిన పెట్రోలును తొందరగా వదిలించుకోవాలని పక్క కాలువలోకి కడిగివేస్తే, ఆవిరి కాలువ పొడవునా వ్యాపించి ఎక్కడో వీధి చివర ఉన్న పొయ్యి దగ్గర అంటుకుని వెనక్కి పరుగెత్తి వస్తుంది. గంధకామ్లం కోడ్ 2 పి, క్లోరిన్ కోడ్ 2 ఎక్స్ ఇ, అమ్మోనియా కోడ్ 2 ఆర్ ఇ. ఈ మూడింటినీ పైన చెప్పిన పద్ధతితో మీరే విప్పి చూసుకోండి, ఎనిమిది అక్షరాల అమరిక మనసులో కుదురుకుంటుంది.

చివరి ‘ఇ’ అక్షరం అన్నింటికన్నా మనకు సంబంధించినది. కోడ్‌లో ఇది ఉన్నదంటే ప్రమాదం ట్యాంకర్ దగ్గరి వారికే పరిమితం కాదు, చుట్టుపక్కల ప్రజలకు కూడా ఉన్నదని అర్థం. అవసరం లేనివారంతా కనీసం 250 మీటర్ల దూరం వెళ్లాలని ఈ కోడ్ వెంట ఉండే మార్గదర్శకాలు చెబుతాయి. అయితే జనాన్ని ఖాళీ చేయించడమంటే అందరినీ రోడ్ల మీదకు తరమడం కాదు. విష వాయువు ఇప్పటికే వీధిలో పరచుకుని ఉంటే ఇంట్లోనే ఉండి, తలుపులు కిటికీలు మూసి, ఫ్యాన్లు, ఏసీలు, పొయ్యిలు ఆపివేసి, ప్రమాదం జరిగిన వైపు కాక దానికి అవతలి వైపున ఉన్న గదిలోకి, వీలైతే పై అంతస్తులోకి వెళ్లడమే మేలు కావచ్చు. ఎటు వెళ్లాలో, ఆగాలో నిర్ణయించేది అక్కడికి వచ్చిన అధికారులే. వారు వచ్చేలోగా మనం చేయగలిగింది గాలికి ఎదురుగా, అంటే గాలి వచ్చే వైపుకు, దూరంగా జరగడం. ట్యాంకర్ మీదుగా వచ్చే గాలి మీ వైపే వీస్తూ మీరు అందులో చిక్కుకుని ఉంటే నేరుగా పరుగెత్తకుండా గాలికి అడ్డంగా పక్కకు తప్పుకోవాలి.

ఈ 250 మీటర్లు అన్ని సందర్భాలకూ చాలవు. అమెరికా, కెనడా, మెక్సికో దేశాల అత్యవసర సిబ్బంది వాడే చేతిపుస్తకం, మంటల్లో ఉన్న పెట్రోలు ట్యాంకర్‌కు అన్ని వైపులా 800 మీటర్లు, మంటల్లో ఉన్న వంటగ్యాసు ట్యాంకర్‌కు 1600 మీటర్లు ఖాళీ చేయమంటుంది. వంటగ్యాసు ట్యాంకర్‌కు రెట్టింపు దూరం ఎందుకంటే, కింద మంట తగిలినప్పుడు లోపలి ద్రవం మరిగి ఒత్తిడి పెరుగుతుంది, ద్రవం తగలని పైభాగపు లోహం వేడికి మెత్తబడి ఒక్కసారిగా చీలిపోతుంది. అప్పుడు లోపలిదంతా అగ్నిగోళంగా లేస్తుంది, లోహపు ముక్కలు వందల మీటర్లు ఎగిరిపడతాయి. రక్షణ వాల్వు నుంచి వచ్చే ఈల శబ్దం అంతకంతకూ పెరుగుతున్నా, ట్యాంకు రంగు మారుతున్నా అది చీలిపోవడానికి సిద్ధంగా ఉన్నదని భావించి వెంటనే దూరంగా వెళ్లిపోవాలి.

ఇతర దేశాల పలకలు

గల్ఫ్ దేశాలలోనూ ఐరోపాలోనూ వాహనాలు నడిపే, ఆ రోడ్ల మీద ప్రయాణించే తెలుగువారు చాలామంది ఉన్నారు కనుక ఐరోపా పద్ధతి గురించి కొంత. అక్కడ నారింజ రంగు పలకను అడ్డగీతతో రెండుగా విభజిస్తారు. కింది సగంలో మనకు తెలిసిన యూఎన్ నంబరే ఉంటుంది. పై సగంలోని అంకెలు మాత్రం చర్యను కాక ప్రమాదాన్ని వర్ణిస్తాయి. 2 వాయువు, 3 మండే ద్రవం, 4 మండే ఘన పదార్థం, 5 ఆక్సీకరణ, 6 విషం, 7 రేడియోధార్మికత, 8 క్షయకారి గుణం, 9 తనంతట తానుగా తీవ్ర ప్రతిచర్య. అంకె రెట్టిస్తే తీవ్రత ఎక్కువ. అందుకే డీజిలుకు 30, పెట్రోలుకు 33. ముందు ఎక్స్ అక్షరం ఉంటే నీరు తగలరాదని అర్థం, సోడియం లోహానికి ఎక్స్ 423 అని ఉంటుంది. 22, 44, 90, 99 వంటి కొన్నింటికి ప్రత్యేకమైన అర్థాలున్నాయి కనుక వాటికి ఈ సూత్రాన్ని యథాతథంగా వర్తింపజేయకూడదు. ఏ అంకెలూ లేని ఖాళీ నారింజ పలక ఉన్నదంటే వాహనంలో ప్రమాదకర సరుకులు డబ్బాలలోనో సిలిండర్లలోనో ఉన్నాయని గ్రహించాలి. హాజ్‌కెమ్ అంకెలకూ ఈ అంకెలకూ పొంతన లేదు. ఒకదానిలో 3 అంటే నురుగు, మరొకదానిలో 3 అంటే మండే ద్రవం. రెండు పద్ధతులనూ కలిపి చదివితే అర్థం తప్పుతుంది.

ప్రమాదం ఎదురైనప్పుడు

2017 జూన్ 25న పాకిస్తాన్‌లోని అహ్మద్‌పూర్ షర్కియా దగ్గర పెట్రోలు ట్యాంకర్ బోల్తా పడింది. కారుతున్న పెట్రోలును పట్టుకోవడానికి చుట్టుపక్కల గ్రామాల వారు డబ్బాలతో చేరారు. అది అంటుకున్నప్పుడు రెండు వందల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 2012 ఆగస్టు 27 రాత్రి కేరళలోని కణ్ణూరు సమీపాన చాల వద్ద వంటగ్యాసు ట్యాంకర్ బోల్తా పడి, గాలి కన్నా బరువైన ఆ వాయువు నేల మీద పాకుతూ ఇళ్ల మధ్యకు చేరి అంటుకోగా 20 మంది మరణించారు. మొదటి ఘటనలో జనం ప్రమాదం దగ్గరకు వెళ్లారు, రెండవ ఘటనలో ప్రమాదమే జనం దగ్గరకు వచ్చింది. కోడ్‌లో చివరనున్న ‘ఇ’ ఈ రెండింటి గురించే.

బోల్తా పడిన ట్యాంకర్‌ను చూసినప్పుడు మొదట మీ వాహనాన్ని దూరంగా, గాలి వచ్చే వైపున ఆపండి, ఇంజను కట్టివేయండి, సిగరెట్టు వెలిగించినవారు ఉంటే ఆర్పించండి. పలకను చదవడానికి ముందుకు నడవకండి. ఫోను కెమెరాను పెద్దది చేసి చూస్తే నూరు మీటర్ల అవతలి అంకెలు కూడా తెలుస్తాయి. వెనుక పలక కనపడకపోతే పక్కది కనపడే దిక్కుకు, అదే దూరం పాటిస్తూ, తిరిగి చూడండి. దుమ్ముతోనో మసితోనో అక్షరాలు కప్పబడి ఉంటే డైమండ్ రంగైనా గుర్తుపెట్టుకోండి. అదీ తెలియకపోతే పలక చదవలేకపోయానని స్పష్టంగా చెప్పండి, ఊహించి పేరు చెప్పకండి.

డ్రైవరు క్షేమంగా బయటపడి ఉంటే అతడిని దూరంగా తీసుకువచ్చి అడగండి. ప్రమాదకర సరుకులు నడిపే డ్రైవర్లకు దీనిపై శిక్షణ తప్పనిసరి, పైగా ట్రెమ్ కార్డు అనే అత్యవసర సూచనల కాగితం క్యాబిన్‌లో ఉంచుకోవాలన్న నియమం ఉంది. సరుకు ఏదో, ఎంత ఉన్నదో, పంపినవారు ఎవరో అతడికన్నా బాగా చెప్పగలవారు అక్కడ ఉండరు. అటువంటి మనిషి మీద ఆగ్రహంతో చేయి చేసుకోవడం, అతడు భయపడి పారిపోయేలా చేయడం మన రోడ్ల మీద తరచు జరిగే అన్యాయం. దానివల్ల సహాయక సిబ్బందికి అందవలసిన సమాచారం కూడా అతడితో పాటే పోతుంది. కాగితం కోసం అతడిని మళ్లీ క్యాబిన్‌లోకి పంపకండి.

ట్యాంకర్ ఖాళీగా వెళుతున్నదని డ్రైవరు చెప్పినా జాగ్రత్తలు సడలించకూడదు. ద్రవం దించిన తర్వాత ట్యాంకులో మిగిలిన ఆవిరి గాలితో కలిసి ఉంటుంది కనుక, నిండు ట్యాంకు కన్నా అది సులభంగా పేలే అవకాశం ఉంది. కడిగి శుభ్రం చేసేవరకు పలక మీద రాసినదంతా ఆ ఖాళీ ట్యాంకుకూ వర్తిస్తుంది.

ఫోను చేయవలసినది 112కు. అగ్నిమాపక దళానికి నేరుగా 101, అంబులెన్సుకు 108, జాతీయ రహదారి మీద అయితే 1033, వంటగ్యాసు లీకుకు 1906 కూడా ఉన్నాయి. ముందు స్థలం చెప్పండి: రహదారి పేరు, ఏ ఊళ్ల మధ్య, దగ్గరలోని కిలోమీటరు రాయి మీది సంఖ్య, ఏ వైపు వెళ్లే దారి. తర్వాత యూఎన్ నంబరును విడి అంకెలుగా, హాజ్‌కెమ్ కోడ్‌ను చుక్క ఉంటే చుక్కతో సహా, పలక మీద ఎలా ఉన్నదో అలాగే చెప్పండి. ఈ కోడ్‌ల జాబితాను అప్పుడప్పుడు సవరిస్తారు, పాత పలకల మీద పాత కోడ్ ఉండవచ్చు, కాబట్టి మీకు తెలిసినదానితో పోల్చి సరిదిద్దకండి. కారుతున్నదా, మండుతున్నదా, ఈల శబ్దం ఉన్నదా, గాలి ఎటు వీస్తున్నది, దగ్గరలో బడి, ఆస్పత్రి, చెరువు, కాలువ ఏమున్నాయి, ఎవరైనా గాయపడ్డారా అన్నవి ఆ తర్వాత. పలకను ఫొటో తీయగలిగి ఉంటే దానిని దాచి ఉంచి, వచ్చిన మొదటి పోలీసుకో అగ్నిమాపక అధికారికో చూపించండి. ఆమ్లమో మరేదైనా రసాయనమో మీద పడినవారు ఉంటే తడిసిన బట్టలు తీసివేయించి, చర్మాన్నీ కళ్లనూ ధారగా మంచినీటితో ఎక్కువసేపు కడగాలి. వారిని ఆస్పత్రికి పంపేటప్పుడు యూఎన్ నంబరును ఒక కాగితం మీద రాసి వెంట ఇవ్వండి, చికిత్స చేసే వైద్యులకు మొదట కావలసినది అదే.